'మంచి ఏరియా' ఎవరికి మంచిది?

వరంగల్‌లో ఇల్లు వెతుక్కునే మధ్యతరగతి కుటుంబం మొదట అడిగేది అద్దె ఎంత అని కాదు, ఏరియా ఎట్లాంటిది అని. ఆ ప్రశ్నకు నగరం దగ్గర తయారుగా ఉన్న జవాబులున్నాయి. సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం - మంచి ఏరియాలు. నయీంనగర్, కిషన్‌పుర - పిల్లల చదువులకు అనుకూలం. కాజీపేట - రైల్వేవాళ్ళది, ప్రశాంతం. అండర్ బ్రిడ్జి దాటితే శివనగర్, కరీమాబాద్, రంగశాయిపేట - పాత ఊరు, ఇరుకు సందులు. చార్‌బౌళి, మండీబజార్ పేర్లు వచ్చేసరికి చెప్పేవాళ్ళ గొంతు తగ్గుతుంది. చెరువు కట్టల కింద, రైలు పట్టాల పక్కన ఉన్న వాడలు అసలు జాబితాలోకే రావు.

ఈ జాబితా అందరికీ నోటికి వచ్చు. దీన్ని ఎవరు తయారుచేశారో, ఎవరి అవసరాల కోసం చేశారో మాత్రం ఎవరూ అడగరు. స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్న మనమూ అడగలేదు. కట్నం గురించి, గృహహింస గురించి, ఆస్తి హక్కు గురించి దశాబ్దాలుగా మాట్లాడుతున్నాం. ఇవన్నీ జరిగేది ఏదో ఒక ఇంట్లో. ఆ ఇల్లు ఉండేది ఏదో ఒక వాడలో. ఆ వాడను ఎంచుకున్నది ఎవరు అన్న ప్రశ్నను మాత్రం 'కుటుంబ విషయం' అని వదిలేశాం. ఎక్కడ నివసించాలి అనేది కుటుంబ విషయం కాదు, హక్కుల విషయం అని ఈ వ్యాసం వాదన. 'మంచి ఏరియా' అన్న మాటలో కులమూ, పితృస్వామ్యమూ కలిసి కాపురం చేస్తున్నాయి. ఆ మాటను ఎదుర్కోకపోతే చట్టాల్లో మనం సాధించుకున్న హక్కులు కూడా స్త్రీల చేతికి అందవు.

నిర్ణయం ఎవరిది?

చట్టం దగ్గరే మొదలుపెడదాం. భార్య ఎక్కడ నివసించాలో నిర్ణయించే అధికారం భర్తదేనని మన కోర్టులు చాలాకాలం నమ్మాయి. హిందూ వివాహ చట్టం, 1955లోని 9వ సెక్షన్ - దాంపత్య హక్కుల పునరుద్ధరణ - ఇందుకు పనికొచ్చిన ఆయుధం. 1977లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఫుల్ బెంచ్ ముందుకు కైలాశ్‌వతి కేసు వచ్చింది. ఆమె ఉపాధ్యాయిని. వేరే ఊళ్ళో ఉన్న ఉద్యోగం వదలడానికి ఒప్పుకోలేదు. కాపురం ఎక్కడో నిర్ణయించేది భర్తేననీ, ఉద్యోగం పేరుతో భార్య వేరుగా ఉండటం కుదరదనీ ఆ కోర్టు తేల్చింది. మరుసటి ఏడే, 1978లో, స్వరాజ్ గర్గ్ కేసులో ఢిల్లీ హైకోర్టు దీనికి భిన్నమైన తీర్పు చెప్పింది. ఆ నిర్ణయం భర్త ఒక్కడిదేనని ఏ చట్టంలోనూ లేదని అన్నది. ఆ కేసులోనూ భార్య ఉపాధ్యాయినే. తన జీతం తను సంపాదించుకుంటున్న స్త్రీలే ఈ ప్రశ్నను కోర్టుదాకా తీసుకెళ్ళగలిగారన్నది గమనించాలి. 1983లో సరీత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఇంకా ముందుకు వెళ్ళి 9వ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. మరుసటి ఏడాది సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది. అది ఇంకా చట్టంలో ఉంది.

కోర్టు మెట్లెక్కే స్త్రీలు కొద్దిమందే. మిగతా ఇళ్ళలో కైలాశ్‌వతి తీర్పు కోర్టు అవసరం లేకుండానే అమలవుతోంది. ప్లాటు చూడటానికి వెళ్ళేది భర్త, అతని అన్నదమ్ములు, బావమరిది, రియల్ ఎస్టేట్ ఏజెంటు. గజం ఎంత, రోడ్డు ఎన్ని ఫీట్లు, తూర్పు ముఖమేనా, ఈశాన్యం పెరిగిందా, రింగు రోడ్డు ఎంత దూరం, అయిదేళ్ళలో ధర ఎంతవుతుంది - అక్కడ అడిగేవి ఇవి. భార్యను తీసుకెళ్ళేది అడ్వాన్సు ఇచ్చాక, ముగ్గు పోసి కొబ్బరికాయ కొట్టే రోజున.

ఆమెను అడిగితే వచ్చే ప్రశ్నలు వేరు. నల్లా ఏ వేళకు వస్తుంది? షేర్ ఆటో ఎందాకా వస్తుంది? చీకటి పడ్డాక ఆ మలుపులో లైటు వెలుగుతుందా? జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకుని నడవగలిగినంత దూరంలో డాక్టరుందా? తన పనిచోటుకు రెండు ఆటోలు మారాలా, మూడా? తల్లిగారిల్లు ఎంత దూరం? ఇవి చిన్న ప్రశ్నలని కొట్టిపారేసేవాళ్ళకు ఒక లెక్క చెప్పాలి. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని మీద, ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతుంటే, పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. ఇల్లు ఉన్న చోటుతో ఎక్కువ సేపు కుస్తీ పట్టేది ఎవరో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. నీళ్ళు, రేషను, బడి, ఆస్పత్రి దూరమైతే ఆ దూరం ఎవరి 289 నిమిషాలకు కలుస్తుందో వేరే చెప్పనవసరం లేదు. ఆ భారం మోసేవాళ్ళకు ఎంపికలో మాట లేకపోవడాన్ని కుటుంబ సామరస్యం అంటున్నాం.

2015లో 42 గ్రామాలను కలిపి వరంగల్‌ను గ్రేటర్ నగరం చేశారు. అప్పటి నుంచి హసన్‌పర్తి వైపు, మడికొండ వైపు, ములుగు రోడ్డు వైపు వెంచర్ల హోర్డింగులు లేని పొలం కనపడదు. గిర్మాజీపేటలో అద్దె ఇంట్లో ఉంటూ మిషన్ కుట్టుకునే ఒక స్త్రీని ఊహించుకుందాం. గల్లీలో అందరికీ ఆమె తెలుసు. జాకెట్టు గుడ్డలు ఇంటికే వస్తాయి. చీటీ వేసే ఆడవాళ్ళు, అవసరానికి అప్పిచ్చే పక్కింటామె, పిల్లను కాసేపు చూసే ఎదురింటి అవ్వ - ఇవన్నీ ఆమె పదిహేనేళ్ళు కూడబెట్టుకున్న ఆస్తి. భర్త నగరం అంచున ప్లాటు కొని ఇల్లు కట్టాడు. కుటుంబం ఎదిగిందని బంధువులు మెచ్చుకుంటారు. ఆమెకు మాత్రం గిరాకీ పోయింది, చీటీ పోయింది, తోడు పోయింది. భర్తకు పెరిగిన ఆస్తి రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదవుతుంది. ఆమె పోగొట్టుకున్న ఆస్తికి పత్రం లేదు. సొంతింటికి వెళ్ళిన స్త్రీ ఎందుకు ఏడుస్తుందో అర్థంకాక 'సుఖం పెట్టి పుట్టలేదు' అని ఆమెనే తిడతారు.

కాలనీల పేర్లు చదవండి

ఏరియాల మంచీచెడూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఈ త్రినగరి ఎట్లా పెరిగిందో చూస్తే అది తెలుస్తుంది. నిజాం కాలంలో వరంగల్ సుబా కేంద్రం. సుబేదారు కచేరీ, బంగళాలు ఉన్న చోటు సుబేదారి అయ్యింది. 1934లో ఆజం జాహీ మిల్లు వచ్చింది. మిల్లు చుట్టూ, మార్కెట్టు చుట్టూ కష్టజీవుల వాడలు పెరిగాయి. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ, కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఉద్యోగస్తులు వచ్చారు. పిల్లల్ని చదివించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళ భూస్వామ్య కుటుంబాలు వచ్చాయి. హనుమకొండ వైపు కాలనీలు లేచాయి. 2000ల మొదట్లో మిల్లు మూతపడింది. నగరం బరువు పూర్తిగా హనుమకొండ వైపు ఒరిగింది.

ఆ కాలనీల పేర్లు ఒకసారి చదవండి. ఎన్జీవోస్ కాలనీ, ఎక్సైజ్ కాలనీ, అడ్వకేట్స్ కాలనీ, పోస్టల్ కాలనీ. రెడ్డి కాలనీ. ఉద్యోగం పేరిట కొన్ని, కులం పేరిట కొన్ని. ఉద్యోగులు సంఘాలుగా ఏర్పడి, భూమి సంపాదించి, తమలో తాము పంచుకున్న కాలం అది. ఆ ఉద్యోగాల్లో స్త్రీలు ఎంతమంది? దళితులు ఎంతమంది? సంఘంలో సభ్యత్వం లేని స్త్రీ ఆ కాలనీలోకి ఒకే దారిన వచ్చింది - ఒకరి భార్యగా. లేబర్ కాలనీ అని కూడా ఒకటుంది. కాని ఆ మాట వినగానే మన కళ్ళముందు కదిలేదీ మగ కార్మికుడే. ఆ ఇళ్ళన్నిటిలో అంట్లు తోమి, బట్టలు ఉతికి, పిల్లల్ని పెంచిన స్త్రీల పేరిట కాలనీ ఏది? ఎవరి కష్టానికి చోటు దక్కిందో, ఎవరి కష్టానికి దక్కలేదో ఈ పేర్లే చెపుతున్నాయి.

ఇప్పుడు ఈ జాబితాకు కట్నం కూడా తోడయ్యింది. అల్లుడికి 'హనుమకొండలో ప్లాటు' అడగటం పెళ్ళిమాటల్లో మామూలయ్యింది. కూతురి పేరిట రిజిస్ట్రేషన్ చేసినా ఎక్కడ కొనాలో చెప్పేది అల్లుడి తండ్రి. వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ ద్వారా 1985 నుంచే తెలుగు నేల మీద హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. అప్పటికే పెళ్ళయిన వాళ్ళను వదిలేసిన ఆ చట్టం తర్వాత, 2005లో కేంద్ర సవరణ దేశమంతటికీ వర్తించింది. వాటా అడిగిన ఆడపిల్లకు 'నీకు ప్లాటు ఇచ్చాం కదా' అని జవాబు చెప్పడానికి ఈ కట్నం ప్లాటు పనికొస్తున్నది. హక్కుగా రావలసినది బహుమతిగా వచ్చింది. అదీ ఆమె ఎంచుకోని చోట, ఆమె అమ్ముకోలేని రీతిలో.

టులెట్ బోర్డు కింద

కొనుక్కోలేని వాళ్ళ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. టులెట్ బోర్డు చూసి గేటు తట్టిన స్త్రీకి ఎదురయ్యే ప్రశ్నలు మనందరికీ తెలుసు. 'మీరేమోళ్ళమ్మా?' 'కూర తింటరా?' 'ఇంట్ల మొగోళ్ళు ఎవలుంటరు?' 'రాత్రి ఎన్నిగంటలకు వస్తరు?' మొదటి రెండు ప్రశ్నలు కులాన్ని, మతాన్ని వడపోస్తాయి. తరువాతి రెండూ పెళ్ళికాని స్త్రీని, భర్తను వదిలేసిన స్త్రీని, భర్త చనిపోయిన స్త్రీని వడపోస్తాయి. నాలుగూ దాటిన స్త్రీ ఆ ఏరియాకు 'తగిన' స్త్రీ. దళిత ఉపాధ్యాయిని ఇంటిపేరు మార్చి చెప్పుకోవలసి రావడం, ముస్లిం నర్సుకు పేరు చెప్పగానే 'ఇప్పుడే వేరేవాళ్ళకు ఇచ్చేసినం' అన్న జవాబు రావడం ఈ నగరంలో ఇళ్ళు వెతికిన స్త్రీలకు కొత్త విషయాలు కావు. జీతం ఉంది, ఉద్యోగం ఉంది, అద్దె కట్టగలదు. అయినా ఆమె ఎంపిక ఆమె చేతిలో లేదు. ఆమె చివరకు చేరిన వాడను చూపించి 'వాళ్ళకు వాళ్ళలోనే ఉండటం ఇష్టం' అంటారు. తలుపులన్నీ మూసి, మిగిలిన ఒక్క తలుపులోంచి వెళ్ళినందుకు దాన్ని ఇష్టమనడం ఎంత అన్యాయం!

ఇక్కడ చట్టం దాదాపు మౌనంగా ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో, బావుల దగ్గర, రోడ్ల మీద వివక్షను నిషేధించింది. అద్దె ఇంటి పేరు అందులో లేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అద్దె ఎంత, ఎప్పుడు ఖాళీ చేయించవచ్చు అన్నవి చూస్తుందే గాని, ఇల్లు ఇవ్వనన్న యజమానిని కారణం అడగదు. 2005లో అహ్మదాబాద్‌లోని పార్సీల గృహనిర్మాణ సంఘం కేసులో సుప్రీంకోర్టు, ఒక మతస్తులకే సభ్యత్వం పరిమితం చేసుకునే హక్కు అట్లాంటి సంఘాలకు ఉందని చెప్పింది. అల్పసంఖ్యాక సమూహం తనను తాను కాపాడుకోవడానికి వేసుకున్న కంచెకూ, ఆధిపత్య కులాలు ఇతరుల్ని బయట ఉంచడానికి వేసే కంచెకూ ఉన్న తేడాను ఆ తీర్పు పట్టించుకోలేదు. ఒక్క చిన్న సందు ఉంది. షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కారాన్ని నేరాల్లో చేర్చింది. కులం అడిగి ఇల్లు నిరాకరించడాన్ని దీని కిందికి తీసుకురావడానికి న్యాయవాదులైన మన మిత్రులు ప్రయత్నించాలి.

భద్రత పేరిట

ఇంతవరకూ ఒప్పుకున్నవాళ్ళు కూడా ఒకచోట ఆగుతారు. 'ఏమైనా అనండి, ఆడపిల్లలకు భద్రత కావాలి కదా, అందుకే మంచి ఏరియా' అంటారు. ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. భయం నిజమైనది. 2008 డిసెంబరులో చదువుకోవడానికి వెళ్ళి ఇంటికి తిరిగి వస్తున్న ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద ఈ నగరంలోనే యాసిడ్ దాడి జరిగింది. కొద్ది రోజుల్లోనే ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. న్యాయం జరిగిందని చాలామంది అన్నారు. కాని ఆడపిల్లలు తిరిగే దారుల్ని మార్చడం గురించి అప్పుడు ఎంత మాట్లాడాం? ఇట్లాంటి ప్రతి ఘటన తరువాతా మారేది దారులు కాదు, ఆడపిల్లలు ఇంటికి చేరవలసిన వేళ.

భద్రతను ఏరియాతో ముడిపెట్టేవాళ్ళు ఒక విషయం దాచిపెడతారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే లెక్కల్లో అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. స్త్రీలపై నేరాల్లో మొదటి స్థానం ఏటా భర్త, అతని బంధువులు పెట్టే క్రూర హింసదే. అంటే స్త్రీకి ఎక్కువ ప్రమాదం గేటు లోపల ఉంది. గేటుకు కాపలా పెట్టి భద్రత అంటున్నాం. ప్రహరీ గోడ, వాచ్‌మన్, సీసీ కెమెరా ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో భర్త కొడితే అరుపు ఎవరికి వినపడుతుంది? రాత్రి పదకొండింటికి పిల్లతో బయటికి రావలసి వస్తే ఆమెకు ఆటో దొరికేది ఎంత దూరంలో? ఇరుకు సందుల్లో తలుపులు తెరిచి ఉంటాయి. అరిస్తే పలికేవాళ్ళుంటారు. ఆ సందుల్లోనూ స్త్రీల రాకపోకల మీద నిఘా ఉంటుంది, తీర్పులుంటాయి. దాన్ని అందమైన బొమ్మగా గీయడం నా ఉద్దేశం కాదు. 'మంచి'కీ భద్రతకూ అనుకున్నంత చుట్టరికం లేదని మాత్రమే చెపుతున్నాను.

దారి భద్రంగా ఎట్లా అవుతుందో మన నగరానికి తెలుసు. సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గరికి వెళ్ళి చూడండి. పొద్దుపోయాక కూడా వేలమంది స్త్రీలు, పిల్లలు రోడ్ల మీద నడుస్తుంటారు. ఆ రాత్రికి లైట్లు ఉంటాయి, బస్సులు ఉంటాయి, అధికారులు ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా స్త్రీలు గుంపులుగా ఉంటారు. ఏడాదికి తొమ్మిది రోజులు చేయగలిగింది మిగిలిన రోజుల్లో ఎందుకు చేయరు? అది పండుగ కాబట్టి, స్త్రీలు బయట ఉండటానికి ఆ రోజు అనుమతి ఉంది కాబట్టి. మనకు కావలసింది అనుమతి కాదు.

అసలు ఎంపికే లేనివాళ్ళు

'ఏ ఏరియాలో ఉందాం' అన్న ప్రశ్నే ఎదురుకాని స్త్రీలు ఈ నగరంలో వేలల్లో ఉన్నారు. మంచి ఏరియాలు నడిచేది వాళ్ళ పనితోనే. ఆ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు తెల్లవారకముందే లేచి నడిచి రాగలిగినంత దూరంలో ఉండాలి. ఆ దూరంలో వాళ్ళకు మిగిలింది నాలా ఒడ్డు, చెరువు శిఖం, పట్టాల పక్క జాగా. 2020 ఆగస్టులో వానలకు నగరం మునిగింది. 2023 జులైలో మళ్ళీ మునిగింది, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2025 అక్టోబరులో మొంథా తుఫాను వానలకు ఇంకోసారి మునిగింది. నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఖరీదైన ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు నాలా ఆక్రమణల గురించి అందరూ మాట్లాడారు. చెరువుల్ని, నాలాలను ప్లాట్లు చేసింది గుడిసెలవాళ్ళు కాదు. ఆక్రమణల మాట లేవగానే ముందు బెదిరింపు వెళ్ళేది మాత్రం గుడిసెలకే. నీళ్ళు తీసిన తరువాత బురద ఎత్తిపోసి, తడిసిన బియ్యం ఆరబోసి, పిల్లల పుస్తకాలు ఎండబెట్టిన చేతులు ఎవరివో చెప్పాలా?

మంచి ఏరియాల చెత్త మడికొండ - రాంపూర్ డంపింగ్ యార్డుకు పోతుంది. మంచి ఏరియా మంచిగా ఉండటానికి ఇంకో ఏరియా చెడిపోవాలి. రెండూ ఒకే నగరపాలక సంస్థ చేసే పని. 'వాళ్ళ ఏరియా శుభ్రంగా ఉండదు' అనేవాళ్ళు తమ చెత్తబండి ఎటు పోతున్నదో ఒకసారి వెంబడి వెళ్ళి చూడాలి.

2022లో వామపక్ష పార్టీల ఆధ్వర్యంలో వరంగల్ చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో పేదలు గుడిసెలు వేసుకున్నారు. ఎండలో, వానలో ఆ జాగాలను కాపాడుతూ పగలూ రాత్రీ కూర్చున్నవాళ్ళలో స్త్రీలు ముందున్నారు. చోటును ఎంచుకుని, దాని మీద నిలబడి, 'ఇక్కడే ఉంటాం' అన్నవాళ్ళు వాళ్ళు. హక్కుల పత్రికల్లో మనం రాసేదానికన్నా అది పెద్ద ప్రకటన. ప్రభుత్వ పథకాల సంగతి చూద్దాం. 2015లో మొదలైన రెండు పడకగదుల ఇళ్ళ పథకమూ, 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకమూ ఇంటిని స్త్రీ పేరిట ఇస్తామన్నవే. ఇది ఉద్యమాలు సాధించుకున్న విజయమే, కాదనను. కాని పత్రం మీద పేరుంటే సరిపోతుందా? ఇందిరమ్మ ఇల్లు మొదటి విడతలో సొంత జాగా ఉన్నవాళ్ళకు అయిదు లక్షలు. జాగా లేని స్త్రీ ఎదురుచూడాలి. ఇచ్చే ఇళ్ళు ఎక్కడ కడతారన్నది ఆమెను ఎవరూ అడగరు. కొత్తవాడలో ఇంట్లోనే మగ్గం పెట్టుకుని దర్రీలు నేసే కుటుంబాన్ని ఊరవతల అపార్టుమెంటు మూడో అంతస్తుకు పంపితే మగ్గం ఎక్కడ పెట్టాలి? కండెలు చుట్టే స్త్రీ పని ఏం కావాలి? వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు ఇచ్చాం. ఆ గుర్తింపు దర్రీకి వచ్చింది. అది నేసే ఇంటికి, ఆ ఇల్లున్న వాడకు రాలేదు.

మన సంగతి

ఇక మన వైపు చూసుకోవాలి. స్త్రీల కోసం పనిచేసే సంస్థల్లో ఎన్నిటి ఆఫీసులు మంచి ఏరియాల్లో ఉన్నాయి? దెబ్బలు తిని రంగశాయిపేట నుంచి, ఏనుమాముల నుంచి రాత్రిపూట రావలసిన స్త్రీ మన దగ్గరికి ఎన్ని ఆటోలు మారి రావాలి? కౌన్సిలింగుకు వచ్చిన స్త్రీకి 'కొంచెం సర్దుకుని ఆ ఇంట్లోనే ఉండమ్మా, బయట నీకు ఇల్లెవరిస్తారు' అని చెప్పే పరిస్థితి ఎందుకు వస్తోంది? బయట ఆమెకు ఇల్లు దొరకదన్నది నిజం కాబట్టి. ఆ నిజాన్ని మార్చే పని మన కార్యక్రమాల్లో లేదు కాబట్టి. అద్దె ఇల్లు దొరక్క హింసకు తిరిగి వెళ్ళిన ప్రతి స్త్రీ విషయంలో టులెట్ బోర్డుకు కూడా వాటా ఉంది.

చట్టంలో ఉన్నదాన్నయినా పూర్తిగా వాడుతున్నామా? 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస నిరోధక చట్టం 17వ సెక్షన్ స్త్రీకి తాను కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది, ఆ ఇల్లు ఆమె పేరిట ఉన్నా లేకపోయినా. 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు, ఇల్లు అత్తమామల పేరిట ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని స్పష్టం చేసింది. 19వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్ళింది. ఆమె అలవాటుపడిన స్థాయిలోనే వేరే ఇల్లు చూపించమని, లేదా దానికి అద్దె కట్టమని భర్తను ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. ఆ అభ్యర్థన రాసేటప్పుడు 'వేరే నివాసం' అని రెండు మాటలతో సరిపెట్టకూడదు. ఏ వాడలో, ఆమె పనికి ఎంత దూరంలో, పిల్లల బడికి ఎంత దూరంలో, ఆమెకు అండగా ఉండేవాళ్ళకు ఎంత దగ్గరలో అన్నది అందులో రాయాలి. ఎక్కడ ఉండాలో ఆమె చెప్పాలి, మనం దాన్ని కోర్టు ముందు పెట్టాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు.

పెద్ద పని కూడా ముందుంది. 2017లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. బట్టలు కుట్టే పరిశ్రమలు యువతుల శ్రమ మీద నడుస్తాయి. ఆ అమ్మాయిలు ఎక్కడ ఉంటారు? కంపెనీ తాళం వేసే హాస్టల్లోనా, నగరంలో తమకు నచ్చిన చోటా? శ్రామిక మహిళల హాస్టళ్ళ పథకం కేంద్ర ప్రభుత్వం దగ్గర 1970ల నుంచీ ఉంది, ఇప్పుడు దాని పేరు సఖీ నివాస్. ఆ హాస్టళ్ళు హనుమకొండలోనే కాక వరంగల్ వైపూ, కాజీపేట వైపూ ఉండాలని, కులం, మతం, వైవాహిక స్థితి అడగకుండా చేర్చుకోవాలని పట్టుబట్టాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. బస్సే రాని కాలనీలో ఉచితం ఏం చేసుకోవాలి? రాత్రి తొమ్మిది తరువాత ఏ రూట్లో ఎన్ని బస్సులు అన్నది మన డిమాండ్ కావాలి. 2021లో ఎన్నికైన నగరపాలక మండలిలో 66 డివిజన్లలో సగం స్త్రీలకు కేటాయించారు. మేయరూ స్త్రీయే అయ్యారు. కార్పొరేటర్లుగా గెలిచే స్త్రీలను శంకుస్థాపనల ఫోటోల్లో కాక, లేఅవుట్లకు అనుమతులిచ్చే చోట కూర్చోబెట్టమని అడగాలి. లైటు, బస్సు, అంగన్‌వాడీ, ఆస్పత్రి, నీరు లేని వెంచరుకు అనుమతి ఇవ్వకూడదు.

ఇవి గాలిలో మేడలని నవ్వేవాళ్ళుంటారు. 1990లలో ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరపాలక సంస్థ స్త్రీ ఆర్కిటెక్టుల చేత ఒక పెద్ద గృహ సముదాయం కట్టించింది. ఇంటిపని చేసేవాళ్ళ రోజు ఎట్లా గడుస్తుందో ముందు తెలుసుకుని, దాన్నిబట్టి మెట్లు, కిటికీలు, ఆటస్థలం ఎక్కడుండాలో నిర్ణయించారు. పిల్లల బడి, డాక్టరు అందులోనే ఉండేట్టు చూశారు. ఒక నగరం చేయగలిగిన పని రుద్రమదేవి ఏలిన నగరమని గొప్పలు చెప్పుకునే మనం ఎందుకు చేయలేం?

ఒక కుటుంబం ఈసారి ఇల్లు మారే ముందు 'ఇక్కడ నీ రోజు ఎట్లా గడుస్తుంది' అని ఆ ఇంటి స్త్రీని అడగడం మొదటి మెట్టు. ఇల్లున్నవాళ్ళం 'మీరేమోళ్ళు' అని అడగకుండా తాళంచెవి ఇవ్వడం రెండో మెట్టు. ఈ పత్రిక చదివేవాళ్ళలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళున్నారు, కాలనీ సంఘాల్లో సభ్యులున్నారు. వచ్చే సంఘం సమావేశంలోనే ఈ మాట లేవనెత్తవచ్చు. దానికి ఏ నిధులూ, ఏ ప్రాజెక్టూ అక్కరలేదు. ఆ రెండు మెట్లూ ఎక్కకుండా ప్రభుత్వాన్ని మూడో మెట్టు ఎక్కమని అడిగే నైతిక బలం మనకు రాదు.